కారు రిమోట్ స్టార్టర్: బటన్ నొక్కితే బండి స్టార్ట్.. బిగించే ముందు ఈ మూడూ చూసుకోకపోతే ముప్పే!

రోహిణి కార్తె ఎండలో నాలుగు గంటలు నిలబెట్టిన కారు డోర్ తీస్తే లోపలి నుంచి సెగ కొడుతుంది. స్టీరింగ్ పట్టుకోలేం, సీటు మీద కూర్చోలేం. అందుకే ఇప్పుడు చాలామంది చూపు రిమోట్ స్టార్టర్ మీద పడింది. ఆఫీసు మెట్లు దిగుతూనే బటన్ నొక్కితే చాలు.. ఇంజిన్ స్టార్ట్ అవుతుంది, ఏసీ ఆన్ అవుతుంది, మనం వెళ్లేసరికి కారు చల్లబడి ఉంటుంది. వినడానికి బాగానే ఉంది. కానీ డ్రైవర్ లేకుండా ఇంజిన్ స్టార్ట్ కావడం అంటే చిన్న విషయం కాదు. మ్యూజిక్ సిస్టమ్, సీట్ కవర్లు వేయించినంత తేలిగ్గా దీన్ని వేయిస్తే కారు గోడను గుద్దొచ్చు, దొంగ పని సులువు కావచ్చు, మూసిన చోట అయితే ప్రాణాలకే ముప్పు రావచ్చు.

అందుకే రిమోట్ స్టార్టర్ కొనేముందు మూడు విషయాలు చూసుకోవాలి. గేరు, తాళం, గాలి. మీ కారు ఏ గేరుతో నడుస్తుంది? దాని తాళానికి ఏం చేస్తున్నారు? బండి నిలబెట్టే చోట గాలి ఆడుతుందా? ఈ మూడింటికీ సరైన జవాబు దొరికిన తర్వాతే బ్రాండ్, ధర, రేంజ్ గురించి ఆలోచించాలి.

అసలు ఇది ఎలా పనిచేస్తుంది?

మనం తాళం తిప్పినప్పుడు కారులో ఒకదాని తర్వాత ఒకటి కొన్ని పనులు జరుగుతాయి. ముందు యాక్సెసరీ లైన్‌కు, ఆ తర్వాత ఇగ్నిషన్ లైన్‌కు కరెంట్ వెళ్తుంది. చివరగా స్టార్టర్ మోటార్ తిరిగి ఇంజిన్ అందుకుంటుంది. రిమోట్ స్టార్టర్ అనేది డ్యాష్‌బోర్డు కింద దాచిపెట్టే ఒక చిన్న పెట్టె. రిమోట్ నుంచి సిగ్నల్ రాగానే తాళం చేసే పనిని అదే వరుసలో ఈ పెట్టె చేస్తుంది. పుష్ బటన్ కార్లలో అయితే బ్రేకు తొక్కినట్టు, బటన్ నొక్కినట్టు కారు కంప్యూటర్‌కు సంకేతాలు పంపుతుంది.

స్టార్ట్ చేయడంతో దాని పని అయిపోదు. ఇంజిన్ నిజంగా అందుకుందా లేదా అని ఆర్‌పీఎం చూసి తెలుసుకోవాలి. ఎవరైనా బానెట్ తీస్తే వెంటనే ఇంజిన్ ఆపేయాలి. తాళం లేకుండా ఎవరైనా బ్రేకు తొక్కినా ఆపేయాలి. సెట్ చేసిన టైమ్ అయిపోతే దానంతట అదే ఆగిపోవాలి. సాధారణంగా ఈ టైమ్ 10 నుంచి 20 నిమిషాల మధ్య పెట్టుకుంటారు. మంచి కిట్‌కు, నాసిరకం కిట్‌కు తేడా తెలిసేది స్టార్ట్ చేయడంలో కాదు, ఆపేయాల్సినప్పుడు ఆపేయడంలో.

ముందు మీ కారులోనే ఉందేమో చూడండి

అమెరికాలో కంపెనీ నుంచే రిమోట్ స్టార్ట్‌తో వచ్చిన కార్లలో 2004 మోడల్ షెవర్లే మాలిబు మొదటిది. మన దేశంలో 2019 నుంచి కనెక్టెడ్ కార్ల జోరు పెరిగాక ఈ సౌకర్యం మామూలు జనానికీ దగ్గరైంది. హ్యుందాయ్, కియా, ఎంజీ, టాటా, మహీంద్రా కార్లలో కొన్ని వేరియంట్లకు ఫోన్ యాప్ ద్వారా గానీ, తాళం మీద ఉన్న బటన్ ద్వారా గానీ ఇంజిన్ స్టార్ట్ చేసే వీలుంది. చాలామంది ఓనర్లు యాప్‌ను యాక్టివేట్ చేసుకోకుండానే వదిలేస్తారు. ఉచిత సబ్‌స్క్రిప్షన్ గడువు ముగిసినా పట్టించుకోరు. బయట కిట్ కొనే ముందు ఓనర్స్ మాన్యువల్ ఒకసారి తిరగేయండి. షోరూమ్‌కు ఫోన్ చేసి మీ వేరియంట్‌కు ఈ సౌకర్యం ఉందా అని అడగండి. ఉంటే సబ్‌స్క్రిప్షన్ రెన్యువల్ చేయించుకోవడమే మేలు. కంపెనీ ఇచ్చే సిస్టమ్‌లో వైర్లు కట్ చేసే పని ఉండదు, వారంటీ గొడవా రాదు.

ఎలక్ట్రిక్ కారు ఉన్నవాళ్లకు ఈ బెడదే లేదు. స్టార్ట్ చేయడానికి ఇంజినే ఉండదు, పొగ రాదు. యాప్‌లో ఏసీ ఆన్ చేసుకుంటే సరిపోతుంది. కొంచెం బ్యాటరీ ఖర్చవుతుంది, అంతే.

మొదటిది గేరు: మాన్యువల్ కారైతే ఒకటికి పదిసార్లు ఆలోచించాలి

ఆటోమేటిక్ కారులో గేరు లివర్ పార్క్‌లో ఉంటేనే బండి నుంచి తాళం బయటకు వస్తుంది. పార్క్‌లో ఉన్న బండి స్టార్ట్ అయినా ముందుకు కదలదు. కాబట్టి రిమోట్ స్టార్టర్‌కు సరిగ్గా సరిపోయేది ఆటోమేటిక్ కారే.

మాన్యువల్ కథ వేరు. మనదగ్గర వాలులో బండి ఆపితే ఫస్ట్ గేరో, రివర్స్ గేరో వేసి వదిలేయడం చాలామందికి అలవాటు. డ్రైవింగ్ స్కూల్‌లో నేర్పేది కూడా అదే. అలా గేరులో ఉన్న బండికి రిమోట్‌తో స్టార్టర్ మోటార్ తిరిగితే బండి ఒక్కసారిగా ముందుకో వెనక్కో దూకుతుంది. ఎదురుగా గోడ ఉంటే గోడ, మనిషి ఉంటే మనిషి. పైగా ఇప్పటి చాలా మాన్యువల్ కార్లు క్లచ్ తొక్కితే తప్ప స్టార్ట్ కావు. రిమోట్ స్టార్టర్ పెట్టాలంటే ఆ క్లచ్ స్విచ్‌ను దాటవేయాలి. అంటే కంపెనీ పెట్టిన ఒక రక్షణను మనమే తీసేస్తున్నామన్నమాట.

మాన్యువల్ కోసం ప్రత్యేకంగా తయారైన కిట్లు ఉన్నాయి. వాటిలో ఒక పద్ధతి పాటించాలి. బండి ఆపాక గేరును న్యూట్రల్‌లో పెట్టాలి, హ్యాండ్ బ్రేక్ లాగాలి. ఇంజిన్ నడుస్తుండగానే తాళం తీసేయాలి. కిట్ ఇంజిన్‌ను నడుపుతూనే ఉంటుంది. బయటకు దిగి డోర్ మూసి లాక్ చేశాక అప్పుడు ఇంజిన్ ఆగుతుంది. ఆ తర్వాత ఎవరైనా డోర్ తీస్తే రిమోట్ స్టార్ట్ రద్దయిపోతుంది. ఇంజిన్ నడుస్తుండగా దిగాం కాబట్టి గేరు న్యూట్రల్‌లోనే ఉందని కిట్‌కు ఒక నమ్మకం. అయితే తెరిచి ఉన్న కిటికీలోంచి ఎవరైనా చెయ్యి పెట్టి గేరు మార్చితే ఆ సంగతి కిట్‌కు తెలియదు. ఈ పద్ధతి లేని కిట్‌ను మాన్యువల్ కారుకు బిగిస్తామని ఎవరైనా అంటే అక్కడి నుంచి వచ్చేయడమే మంచిది. వాలులో బండి పెట్టాల్సిన ఇల్లయితే అసలు ఈ ఆలోచనే వద్దు.

మరి ఏఎంటీ కార్ల సంగతేంటి? ఇక్కడే చాలామంది పొరబడతారు. క్లచ్ పెడల్ లేదు కదా, ఇది ఆటోమేటికే అనుకుంటారు. కానీ ఏఎంటీ అంటే లోపల ఉన్నది మాన్యువల్ గేరుబాక్సే. క్లచ్ తొక్కే పని, గేరు మార్చే పని యంత్రం చేస్తుంది. వీటిలో చాలా వాటికి పార్క్ మోడ్ ఉండదు. బండిని గేరులోనే ఆపి దిగడం మామూలు. కాబట్టి బయట కిట్ విషయంలో ఏఎంటీని మాన్యువల్‌గానే లెక్కేసుకోవాలి.

రెండోది తాళం: స్పేర్ కీ డ్యాష్‌బోర్డులో దాచేస్తే?

ఇప్పటి కార్ల తాళం తలలో ఒక చిన్న చిప్ ఉంటుంది. ఇగ్నిషన్ దగ్గర ఉన్న కాయిల్ ఆ చిప్‌ను చదువుతుంది. నంబరు కుదిరితేనే ఇంజిన్ అందుకుంటుంది. దీన్నే ఇమ్మొబిలైజర్ అంటారు. డూప్లికేట్ తాళం చెక్కించి కారు ఎత్తుకెళ్లే దొంగలకు అడ్డుకట్ట పడింది దీనివల్లే. మరి తాళం లేకుండా రిమోట్‌తో స్టార్ట్ కావాలంటే? ఇమ్మొబిలైజర్‌ను ఒప్పించాలి. అందుకు రెండు దారులు ఉన్నాయి.

ఒకటి డేటా మాడ్యూల్. మీ కారు మోడల్‌కు తగ్గట్టు ప్రోగ్రామ్ చేసిన ఈ మాడ్యూల్ కారు కంప్యూటర్‌తో మాట్లాడి, రిమోట్ స్టార్ట్ సమయంలో మాత్రమే అనుమతి తీసుకుంటుంది. ఐడేటాలింక్, ఫోర్టిన్ లాంటి కంపెనీలు ఉత్తర అమెరికా మార్కెట్ కోసం ఇలాంటివి తయారు చేస్తాయి. ఇది శుభ్రమైన పద్ధతి. కానీ మన దేశంలో అమ్మే ప్రతి మోడల్‌కూ ఇవి దొరకవు.

రెండోది చవక దారి. మీ స్పేర్ కీని తీసుకుని, అందులోని చిప్‌ను ఇగ్నిషన్ కాయిల్ దగ్గర డ్యాష్‌బోర్డు లోపల దాచేస్తారు. చిప్ ఎప్పుడూ అక్కడే ఉంటే కారుకు అసలు తాళం ఎప్పుడూ దగ్గరే ఉన్నట్టు లెక్క. ఇమ్మొబిలైజర్ ఉండీ లేనట్టే. కొంచెం మెరుగైన కిట్లలో ఆ చిప్‌ను ఒక డబ్బాలో పెట్టి, రిమోట్ నొక్కినప్పుడే సిగ్నల్ బయటకు వచ్చేలా రిలే పెడతారు. ఆన్‌లైన్‌లో చవకగా దొరికే పుష్ స్టార్ట్ కిట్లు కొన్నప్పుడు ఏ పద్ధతిలో బిగిస్తున్నారో చాలామంది అడగనే అడగరు.

ఇక్కడ ఇంకో చిక్కు ఉంది. కారు దొంగతనానికి గురైతే ఇన్సూరెన్స్ కంపెనీ మొదట అడిగే వాటిలో ఆ కారు రెండు తాళాలు ఉంటాయి. రెండో తాళం ఎక్కడుందంటే పోయిన కారులోనే ఉందని చెప్పాల్సి వస్తుంది! తాళం కారులోనే వదిలేశారు కాబట్టి జాగ్రత్త తీసుకోలేదని కంపెనీ వాదించే అవకాశం ఉంటుంది. నాలుగు వేలు మిగిలాయని సంబరపడితే లక్షల క్లెయిమ్ చిక్కుల్లో పడొచ్చు. అందుకే షాపులో అడగాల్సిన మొదటి ప్రశ్న ఇదే.. "నా స్పేర్ కీ అడుగుతారా? అడిగితే దాన్ని ఏం చేస్తారు?"

మూడోది గాలి: సెల్లార్‌లో అయితే వద్దే వద్దు

పెట్రోల్ గానీ డీజిల్ గానీ మండినప్పుడు కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది. రంగు లేదు, వాసన లేదు. తలనొప్పి, వికారం, మత్తుతో మొదలై మనిషి అక్కడే పడిపోతాడు. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ కూడా చల్లగానే ఉంటుంది కాబట్టి స్టార్ట్ చేసిన మొదటి నిమిషాల్లో ఈ విషవాయువు ఎక్కువగా వస్తుంది. రిమోట్ స్టార్టర్ ఇంజిన్‌ను నడిపేది సరిగ్గా ఆ నిమిషాల్లోనే.

హైదరాబాద్, విజయవాడ, విశాఖ అపార్ట్‌మెంట్లలో కార్లు ఉండేది సెల్లార్లలో. వాచ్‌మన్ కుటుంబం గది కూడా చాలాచోట్ల అక్కడే. పైన అయిదో అంతస్తులో కాఫీ తాగుతూ మీరు బటన్ నొక్కితే కింద పొగ పీల్చేది వాళ్లు, వాళ్ల పిల్లలు. ఇండిపెండెంట్ ఇళ్లలో షట్టర్ వేసిన గ్యారేజీలు కూడా అంతే ప్రమాదం. గ్యారేజీ తలుపు తీసి ఉంచినా సరిపోదని, లోపల ఇంజిన్ నడపనే కూడదని నిపుణులు చెబుతారు. జేబులో ఉన్న రిమోట్ పొరపాటున నొక్కుకుపోయి బండి స్టార్ట్ అయ్యే ప్రమాదమూ ఉంది. అందుకే రెండుసార్లు నొక్కితేనో, రెండు బటన్లు కలిపి నొక్కితేనో పనిచేసే రిమోట్ ఎంచుకోవాలి.

తాళం లేకుండా నడిచే ఇంజిన్ ఎంత ప్రమాదమో అమెరికాకు అనుభవం ఉంది. తాళం తిప్పే పని లేని కార్లలో ఇంజిన్ ఆపడం మర్చిపోయి గ్యారేజీ నుంచి ఇంట్లోకి చేరిన కార్బన్ మోనాక్సైడ్‌తో 2006 నుంచి రెండు డజన్లకు పైగా జనం చనిపోయినట్టు 2018లో న్యూయార్క్ టైమ్స్ వెల్లడించింది. అలాంటి కార్లలో ఇంజిన్ దానంతట అదే ఆగిపోయేలా నిబంధన తేవాలని 2021 నాటి మౌలిక వసతుల చట్టంలో చేర్చారు. టైమర్ లేని కిట్‌ను ఎందుకు కొనకూడదో ఇంతకంటే వేరే చెప్పాలా?

గాలి గురించే ఇంకో హెచ్చరిక. ఏసీ నడుస్తోంది కదా అని పిల్లలను కారులో వదిలి వెళ్లకండి. టైమర్ అయిపోతే ఇంజిన్ ఆగుతుంది, దాంతో ఏసీ ఆగుతుంది. ఎండలో మూసి ఉన్న కారు లోపల 10 నిమిషాల్లోనే వేడి 10 డిగ్రీల సెల్సియస్ పైగా పెరగొచ్చు. పార్క్ చేసిన కార్లలో ఇరుక్కుని చిన్నారులు ప్రాణాలు కోల్పోయిన ఘటనలు తెలుగు రాష్ట్రాల్లోనూ జరిగాయి. రిమోట్ స్టార్టర్ ఖాళీ కారును చల్లబరచడానికే, మనుషులను అందులో వదిలేయడానికి కాదు.

ఏ రకం రిమోట్ తీసుకోవాలి?

పై మూడూ సరిపోయాయనుకుందాం. ఇప్పుడు రిమోట్ సంగతి చూద్దాం. మార్కెట్లో ప్రధానంగా మూడు రకాలు ఉన్నాయి.

వన్ వే రిమోట్: ఇది సిగ్నల్ పంపుతుంది, అంతే. కారు స్టార్ట్ అయిందో లేదో తిరిగి చెప్పదు. ధర తక్కువ. కారు కళ్ల ముందే ఉండేవాళ్లకు ఇది చాలు.

టూ వే రిమోట్: కారు స్టార్ట్ అయితే రిమోట్ మీద లైటు వెలుగుతుంది, లేదా బీప్ వస్తుంది. ఆగిపోయినా తెలుస్తుంది. కారు కనబడని చోట పార్క్ చేసేవాళ్లు ఇదే తీసుకోవాలి. ఇంజిన్ నడుస్తోందా లేదా అన్నది తెలియకపోవడమే అన్నింటికంటే ప్రమాదం.

ఫోన్ యాప్: కారులో సిమ్ ఉన్న మాడ్యూల్ పెడతారు. ఎంత దూరం నుంచైనా పనిచేస్తుంది. అయితే నెలవారీ లేదా వార్షిక చందా ఉంటుంది. కారు ఉన్న చోట నెట్‌వర్క్ లేకపోతే పనిచేయదు.

డబ్బా మీద రాసిన రేంజ్ చూసి మోసపోవద్దు. ఆ లెక్క మైదానంలో అడ్డేమీ లేనప్పటిది. కాంక్రీట్ శ్లాబులు, లిఫ్ట్ గోడలు, చుట్టూ ఉన్న కార్ల రేకులు సిగ్నల్‌ను మింగేస్తాయి.

అమెరికా నుంచి వచ్చే చుట్టాలతో కిట్ తెప్పించుకుందామనుకునేవాళ్లు ఒక్క క్షణం ఆగాలి. అక్కడ ఎక్కువ దూరం పనిచేసే రిమోట్లు చాలా వరకు 902 నుంచి 928 మెగాహెర్ట్జ్ మధ్య నడుస్తాయి. అక్కడ ఆ బ్యాండ్‌కు లైసెన్స్ అక్కర్లేదు. మన దేశంలో అందులో కొంత భాగం మొబైల్ ఫోన్ సిగ్నళ్లకు కేటాయించారు. ఇక్కడ తక్కువ శక్తితో లైసెన్స్ లేకుండా వాడుకోవడానికి వీలున్నది 433 మెగాహెర్ట్జ్ లాంటి బ్యాండ్లు. కాబట్టి ఇక్కడి అనుమతి ఉన్న సరుకే కొనాలి. అదీగాక అక్కడి మాడ్యూళ్లు అక్కడి కారు మోడళ్లకు ప్రోగ్రామ్ చేసినవి. పేరు ఒకటే అయినా ఇక్కడి కారు వైరింగ్ వేరుగా ఉండొచ్చు.

షాపులో ఏం అడగాలి?

హైదరాబాద్‌లో పుత్లీబౌలి, రాణిగంజ్ అయినా, విజయవాడ ఆటోనగర్ అయినా, మీ ఊరి కార్ డెకార్ షాపు అయినా.. ధర అడిగే ముందు ఈ ప్రశ్నలు అడగండి.

- నా కారు మోడల్, అదే సంవత్సరం బండికి ఇంతకుముందు బిగించారా? ఆ కస్టమర్‌తో మాట్లాడొచ్చా?
- ఇమ్మొబిలైజర్‌కు డేటా మాడ్యూలా? లేక స్పేర్ కీ చిప్ పెడతారా?
- బానెట్ స్విచ్ ఇస్తారా? బ్రేకు వైరుకు కలుపుతారా?
- ఇంజిన్ అందుకుందని ఆర్‌పీఎం సిగ్నల్‌తో తెలుసుకుంటుందా? లేక బ్యాటరీ వోల్టేజీ చూసి అంచనా వేస్తుందా?
- ఎన్ని నిమిషాల తర్వాత ఆగుతుంది? ఆ టైమ్ మార్చుకోవచ్చా?
- సర్వీసింగ్‌కు ఇచ్చినప్పుడు దీన్ని ఆఫ్ చేసే వాలే మోడ్ ఉందా?
- బిల్లు, వారంటీ కార్డు, వైరింగ్ కాగితం ఇస్తారా?

"అవన్నీ ఎందుకు సార్, మేం చూసుకుంటాం" అనే షాపు కంటే ఓపిగ్గా జవాబు చెప్పే షాపు కొంచెం ఎక్కువ తీసుకున్నా నష్టం లేదు.

బిగించే పని ఎలా జరగాలి?

ఇది యూట్యూబ్ చూసి ఇంట్లో చేసుకునే పని కాదు. అయినా షాపులో ఏం జరుగుతుందో తెలిసి ఉంటే, పని సరిగ్గా చేస్తున్నారో లేదో మనమే కనిపెట్టొచ్చు.

1. ముందుగా బ్యాటరీ నెగటివ్ టెర్మినల్ తీయాలి. వైర్లు పరీక్షించేటప్పుడు మాత్రమే తిరిగి పెట్టాలి.

2. స్టీరింగ్ కింద ప్యానెల్ తీశాక డిజిటల్ మల్టీమీటర్‌తో వైర్లు గుర్తించాలి. బల్బు పెట్టిన టెస్టర్‌తో గుచ్చి చూస్తుంటే ఆపించండి. అది లాగే కరెంట్ సున్నితమైన ఎలక్ట్రానిక్స్‌ను పాడు చేయొచ్చు. పసుపు రంగు తొడుగు ఉన్న వైర్లు, కనెక్టర్లు ఎయిర్‌బ్యాగ్‌వి. వాటి జోలికి అసలు పోకూడదు.

3. బ్యాటరీ నుంచి ఎప్పుడూ కరెంట్ ఉండే 12 వోల్టుల లైన్, యాక్సెసరీ, ఇగ్నిషన్, స్టార్టర్ లైన్లు కలపాలి. వీటిలో భారీ కరెంట్ నడుస్తుంది. మెలిపెట్టి టేపు చుట్టేస్తే అతుకు దగ్గర వేడెక్కి కాలిపోయే ప్రమాదం ఉంది. సోల్డరింగ్ గానీ, సరైన క్రింప్ గానీ ఉండాలి. ప్రతి పవర్ లైనుకూ ఫ్యూజ్ ఉండాలి.

4. ఎర్త్ వైరును పెయింట్ గీకి కారు బాడీ లోహానికి బోల్టుతో బిగించాలి. వదులు ఎర్త్ వల్లే సగం తిప్పలు వస్తాయి.

5. బానెట్ కింద స్విచ్ పెట్టాలి. దీన్ని వదిలేసే షాపులు చాలానే ఉన్నాయి. మెకానిక్ చెయ్యి ఫ్యాన్ బెల్టు దగ్గర ఉన్నప్పుడు ఇంట్లో పిల్లాడు రిమోట్ నొక్కితే ఏమవుతుందో ఊహించుకోండి. ఆ స్విచ్ ఉన్నది అందుకే.

6. బ్రేకు వైరు, హ్యాండ్ బ్రేక్ వైరు, ఆర్‌పీఎం సిగ్నల్ కలిపి, ఇంజిన్ వేగాన్ని మాడ్యూల్‌కు నేర్పించాలి. డీజిల్ బండి అయితే గ్లో ప్లగ్ వేడెక్కే వరకు ఆగేలా సెట్ చేయాలి.

7. యాంటెనాను అద్దం మీద లోహానికి దూరంగా అంటించాలి. పెట్టెను పెడల్స్‌కు తగలకుండా గట్టిగా కట్టాలి. వేలాడే వైరు బ్రేకు పెడల్‌లో చిక్కుకుంటే ఇక చెప్పేదేముంది!

డెలివరీ తీసుకునే ముందు ఈ పరీక్షలు చేయండి

డబ్బు ఇచ్చే ముందు, ఖాళీ స్థలంలో బండి పెట్టి షాపు మనిషి ముందే ఇవన్నీ చేసి చూడండి. బండి ముందు, వెనక ఎవరూ ఉండకూడదు.

- రిమోట్‌తో స్టార్ట్ చేసి బానెట్ తీయండి. ఇంజిన్ ఆగాలి. బానెట్ తెరిచి ఉండగా మళ్లీ నొక్కండి. స్టార్ట్ కాకూడదు.
- మళ్లీ స్టార్ట్ చేసి, తాళం లేకుండా బ్రేకు తొక్కండి. ఇంజిన్ ఆగాలి.
- మాన్యువల్ అయితే న్యూట్రల్ పద్ధతి పాటించాక ఒకసారి డోర్ తీసి మూసి రిమోట్ నొక్కండి. స్టార్ట్ కాకూడదు.
- హ్యాండ్ బ్రేక్ దించి నొక్కండి. మాన్యువల్ కారు స్టార్ట్ కాకూడదు.
- టైమర్ అయిపోయే వరకు ఆగండి. దానంతట అదే ఆగుతుందో లేదో కళ్లారా చూడండి.
- డ్యాష్‌బోర్డులో ఎయిర్‌బ్యాగ్, చెక్ ఇంజిన్ లైట్లు ఏవైనా వెలుగుతున్నాయా చూడండి.

వీటిలో ఒక్కటి ఫెయిలైనా బండి తీసుకోవద్దు. "తర్వాత తీసుకురండి, సెట్ చేస్తాం" అంటే ఒప్పుకోవద్దు.

వాడే విధానం కూడా తెలిసి ఉండాలి. తాళం తిప్పే కారైతే నడుస్తున్న ఇంజిన్‌కు తాళం పెట్టి ఆన్ వరకే తిప్పాలి. అలవాటు కొద్దీ స్టార్ట్ వరకు తిప్పితే స్టార్టర్ గరగరమంటుంది. ఆ తర్వాత బ్రేకు తొక్కితే కారు మన చేతికి వస్తుంది. ఏసీ నాబ్ తిప్పే మోడల్ అయితే ఇంజిన్ ఆపేముందే ఏసీ ఆన్‌లో, బ్లోయర్ కావాల్సిన స్పీడ్‌లో వదలాలి. లేకపోతే ఇంజిన్ నడుస్తుంది కానీ చల్లదనం రాదు.

వారంటీ, ఇన్సూరెన్స్, చట్టం ఏం చెబుతాయి?

కొత్త కారు వారంటీ షరతుల్లో బయట యాక్సెసరీల వల్ల వచ్చిన లోపాలకు బాధ్యత లేదని సాధారణంగా రాసి ఉంటుంది. వైరింగ్ కట్ చేసిన ఆనవాలు కనబడితే ఎలక్ట్రికల్ ఫిర్యాదులను సర్వీస్ సెంటర్ పక్కన పెట్టొచ్చు. వారంటీలో ఉన్న కారుకు ముందుగా డీలర్ దగ్గర రాతపూర్వకంగా అడగడం మంచిది.

ఇన్సూరెన్స్ కంపెనీకి కూడా కిట్ బిల్లు చూపించి ఎలక్ట్రికల్ యాక్సెసరీగా పాలసీలో చేర్చమని అడగండి. కొంత అదనపు ప్రీమియం పడుతుంది. చెప్పకుండా ఉంచితే క్లెయిమ్ రోజున అదే సాకు అవుతుంది. ఎలక్ట్రికల్ బ్రేక్‌డౌన్ సాధారణ మోటార్ పాలసీలో కవర్ కాదన్నది కూడా గుర్తుంచుకోవాలి.

ఇక చట్టం సంగతి. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 126వ సెక్షన్ ప్రకారం బహిరంగ స్థలంలో బండి నిలిపి ఉంచాలంటే డ్రైవర్ సీటులో లైసెన్స్ ఉన్న మనిషి ఉండాలి. లేదా ఇంజిన్ ఆపి, బ్రేకు వేసి, డ్రైవర్ లేనప్పుడు బండి పొరపాటున కదలకుండా జాగ్రత్త తీసుకుని ఉండాలి. రోడ్డు పక్కన నిలబెట్టిన కారును దూరం నుంచి స్టార్ట్ చేయడం ఈ సెక్షన్‌తో పేచీ తెచ్చే పనే. సొంత ఆవరణలో, గాలి ఆడే చోట మాత్రమే వాడుకోవడం అన్ని విధాలా క్షేమం.

అమెరికాలో ఉన్న మనవాళ్లకు

మంచు కురిసే న్యూజెర్సీ, షికాగోలలో అయినా, ఎండ మండే డాలస్‌లో అయినా అక్కడ ఉన్న తెలుగువాళ్లకు రిమోట్ స్టార్ట్ కొత్త కాదు. అక్కడ బిగించే టెక్నీషియన్‌కు ఎంఈసీపీ సర్టిఫికెట్ ఉందేమో చూసుకోవాలి. బయట కిట్ పెట్టినంత మాత్రాన మొత్తం వారంటీ రద్దు చేయడానికి 1975 నాటి మాగ్నసన్ మాస్ వారంటీ చట్టం ఒప్పుకోదు. ఆ కిట్ వల్లే లోపం వచ్చిందని కంపెనీ చూపించాలి.

మనుషులు లేని కారులో ఇంజిన్ నడపడంపై రాష్ట్రానికో రూలు ఉంది. టెక్సాస్‌లో తాళం లేకుండా బండి నడపడానికి వీల్లేని రిమోట్ స్టార్టర్లకు మినహాయింపు ఉంది. న్యూజెర్సీలో సాధారణంగా 3 నిమిషాలకు మించి ఇంజిన్‌ను ఊరికే నడపకూడదు. న్యూయార్క్ సిటీలో కూడా 3 నిమిషాలే, స్కూళ్ల పక్కన అయితే ఒక్క నిమిషమే. మంచు కురిసిన రోజున సైలెన్సర్ గొట్టం మంచుతో మూసుకుపోయిందేమో చూడకుండా బటన్ నొక్కకూడదు. పొగ కారులోకే వస్తుంది. పైగా చలికాలంలో పావుగంట వేడి చేయాల్సిన పనే లేదు. అర నిమిషం ఆగి నెమ్మదిగా బయల్దేరితే ఇంజిన్ త్వరగా వేడెక్కుతుందని అమెరికా ఇంధన శాఖ చెబుతోంది.

పెట్రోల్ ఎంత తాగుతుంది?

నిలబడి ఉన్న కారు గంటకు పావు గ్యాలన్ నుంచి అర గ్యాలన్ వరకు, అంటే దాదాపు ఒకటి నుంచి రెండు లీటర్ల ఇంధనం తాగుతుందని అదే శాఖ లెక్క. 10 నిమిషాలకు లీటరులో ఆరో వంతు నుంచి మూడో వంతు. లీటరు 100 రూపాయలు అనుకున్నా ఒక్కసారికి 16 నుంచి 32 రూపాయలు. రోజుకు రెండుసార్లు, నెలకు 25 రోజులు వాడితే 800 నుంచి 1,600 రూపాయలు ఆవిరైపోతాయి. అందుకే టైమర్ 20 నిమిషాలు కాకుండా 5 నిమిషాలకు సెట్ చేసుకోండి. కారు చల్లబడటానికి మొదటి కొన్ని నిమిషాలే ముఖ్యం.

మరి ఎవరికి మంచిది? ఎవరికి వద్దు?

ఆటోమేటిక్ కారు ఉండి, ఆరుబయట సొంత స్థలంలో పార్క్ చేసుకుంటూ, స్పేర్ కీ ఇవ్వకుండా పని పూర్తి చేసే షాపు దొరికినవాళ్లు నిశ్చింతగా వేయించుకోవచ్చు. నడవలేని పెద్దవాళ్లు, గుండె జబ్బు ఉన్నవాళ్లు, పసిపిల్లల తల్లులు రోజూ ఎక్కే కారైతే ఆ చల్లదనం విలువ వేరు.

మాన్యువల్ లేదా ఏఎంటీ కారు, సెల్లార్ పార్కింగ్, డ్యాష్‌బోర్డులో దాచే స్పేర్ కీ.. ఈ మూడింటిలో ఏ ఒక్కటున్నా ఆగిపోవడమే మంచిది. అద్దానికి సన్‌షేడ్, వీలైతే చెట్టు నీడ, ఎక్కగానే నాలుగు డోర్లూ ఒకసారి తీసి వేడి గాలి బయటకు పోనివ్వడం, మొదటి నిమిషం కిటికీలు దించి నడపడం.. ఇవి చేస్తే రెండు మూడు నిమిషాల్లోనే ఏసీ అందుకుంటుంది. ఖర్చు కూడా సన్‌షేడ్ ధర మాత్రమే.